తప్పంతా నీదే

మా ఊరు స్లేట్ హార్బర్‌లో ఆర్డిస్ పెల్టో గొంతు ఎరగనివాళ్ళు రెండే రకాలు. ఒకరు పుట్టు చెవిటివాళ్ళు, రెండోవాళ్ళు నిన్నగాక మొన్న ఊళ్ళోకి దిగినవాళ్ళు. పెళ్ళయిన ఏడాది నుంచి మోకాళ్ళు మొరాయించేదాకా ఆవిడ బడి బస్సు నడిపింది. ఏడాదిలో సగం రోజులు మంచు కప్పుకునుండే రోడ్ల మీద, తల వెనక్కి తిప్పకుండానే, చిట్టచివరి సీట్లో కొట్టుకునే పిల్లల్ని గొంతుతోనే విడదీసేది. బస్సు మానేశాక ఆ గొంతుకి మా కాలేజీ ఐసు హాకీ తప్ప వేరే పని లేకుండా పోయింది.

మా కాలేజీ చదువులో పేరు తెచ్చుకుందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. కానీ చలికాలం శనివారం వస్తే ఊరు ఊరంతా హాకీ ఆడే రింకులోనే ఉంటుంది. బయట సరస్సు గడ్డకట్టి, గాలి మొహం మీద గీరుతుంటే, లోపల వేడి కాఫీ, బాజా భజంత్రీలు, ఐసు మీద కత్తుల బూట్ల కరకర. అక్కడ ఆర్డిస్ సీటు గోలు వెనకాల మూడో వరసలో. ఆటలో మూడు భాగాలుంటే, మొదటి భాగమూ చివరి భాగమూ అవతలి జట్టు గోల్ కీపరు సరిగ్గా ఆవిడ కళ్ళ ముందే నిలబడాలి. పాపం అతని కర్మ.

మావాళ్ళు గోలు కొట్టగానే డప్పు మోగుతుంది. జనమంతా లేచి నిలబడి అవతలి కీపరు వైపు వేలు చూపించి అతని పేరు మూడుసార్లు పిలుస్తారు. తర్వాత "జల్లెడా! జల్లెడా!" అని, చివర్న "తప్పంతా నీదే!" అని ముక్తకంఠంతో ముగిస్తారు. కాలేజీ హాకీ ఆడే ప్రతి ఊళ్ళోనూ ఈ తంతు ఉంది. మా ఊళ్ళో మాత్రం మొదటి పిలుపు ఆర్డిస్ నోటి నుంచే రావాలి. ఆవిడ అందుకుంటే గానీ కుర్రాళ్ళు అందుకోరు. కీపర్ల అమ్మల పేర్లు, ప్రియురాళ్ళ పేర్లు, బళ్ళో తప్పిన పరీక్షలు అన్నీ ముందే వాకబు చేసుకుని వచ్చేది. ఒకసారి ఒక కీపరు నిజంగానే ఏడ్చాడు. ఆ మాట ఆవిడ ముందు ఎత్తితే, "ఏడిస్తే ఏడ్చాడు, పనీ పాటా లేని ఏడుపు" అనేది గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదని పక్కింటి డోరీన్‌కి తెలుసు.

భర్త రస్సెల్ పోయాక ఇల్లు బావురుమంటుంటే, పై గది కుర్రాళ్ళ జట్టుకి ఇచ్చింది. కాలేజీకి వెళ్ళకముందు ఎక్కడెక్కడి నుంచో పదిహేడూ పద్దెనిమిదేళ్ళ పిల్లలు మా ఊరి కుర్రజట్టులో ఆడడానికొస్తారు. ఊళ్ళోవాళ్ళే తలా ఒకణ్ణి ఇంట్లో పెట్టుకుని తిండిపెట్టి చూసుకుంటారు. అలా వచ్చాడు కోల్బీ ఒలెక్. కెనడాలో సస్కాచువాన్ నుంచి. తల్లి లెస్యా, తండ్రి బోడాన్ అక్కడ గొడ్లు పెంచుతారు. వాడు గోల్ కీపరు.

వచ్చిన కొత్తలో నోట్లో నాలుక లేనట్టుండేవాడు. ఆర్డిస్ కాల్చిన మాంసం పేస్టీలు ఎన్ని పెట్టినా మారుమాట్లాడకుండా తినేవాడు. శుక్రవారం సాయంత్రాలు ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి మర్నాటి తిట్లు సాధకం చేస్తుంటే, ఓ రోజు ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"పెద్దమ్మా, అది తగల్దు."

"ఏది తగల్దురా?"

"లావుగా ఉన్నావంటే కీపరుకి ఏం తగల్దు. అన్ని దిళ్ళు కట్టుకున్నాక అందరం లావుగానే ఉంటాం. ఎడమ పక్క కిందకి వదిలేస్తున్నావు అను. ఆ రాత్రి పడుకోడు."

అక్కణ్ణుంచి ఇద్దరూ ఒకటయ్యారు. తిట్లలో వాడు గురువు, ఆవిడ శిష్యురాలు. వాడికి మా హార్బర్ కాలేజీ వాళ్ళు చోటిస్తామని మాటిచ్చారు కూడా. "ఒకవేళ ఖర్మకాలి నేను వేరే కాలేజీ తరఫున వస్తే, నన్నూ తిట్టాలి. తిట్టకపోతే నాకు అవమానం" అని నవ్వేవాడు. పిల్లలు లేని ఆర్డిస్‌కి ఆ రెండు చలికాలాలూ ఇంట్లో దీపం పెట్టినట్టుండేది. ఈ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు, నేను అంటున్నాను.

రెండో చలికాలంలో ఒకరోజు సాధన నుంచి ఆలస్యంగా వచ్చాడు. భోజనానికి కూర్చుని పాలగ్లాసు కోసం చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసు పక్కన ఆగి, ఉత్త గాలిని పట్టుకుంది. మళ్ళీ చాపాడు, మళ్ళీ పక్కనే. తనే నవ్వాడు.

"ఏం తగిలిందిరా?"

"తలకి కొంచెం. ఏం కాలేదు. నువ్వు పెద్దది చెయ్యకు పెద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆర్డిస్ వాణ్ణి బండెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మెదడు కదిలింది, వసంతం దాకా ఐసు మీద కాలు పెట్టకూడదన్నాడు డాక్టరు. "ఇది మానకముందే ఇంకోటి తగిలిందా, ఎంత చిన్నదైనా సరే, ప్రాణానికి నేను పూచీ ఉండను" అని ఇద్దరి మొహాల్లోకీ చూసి మరీ చెప్పాడు. కోల్బీ ఆ ఏడాది ఇంక ఆడలేదు. హార్బర్ వాళ్ళు ఆ చోటు ఇంకొకడికి ఇచ్చేశారు. వాడికి దొరికింది మిన్నెసోటాలో వెర్నన్ కాలేజీ.

వెళ్ళేరోజు సామాను బండిలో వేసుకుని అన్నాడు. "ఊరందరి మీదా అరిచే నోరు, ఆ ఒక్క రోజు మూసుకోలేకపోయావు." అంతే. తర్వాత వాడి నుంచి ఫోను లేదు. తల్లి లెస్యా మాత్రం ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే మాట్లాడేది. "వాడు కుర్రవెధవ, వాడికేం తెలుసు. నువ్వు చేసిందే సరి" అనేది. ఆ ఆదివారాల మీదే ఆర్డిస్ బతికింది.

మరుసటి చలికాలం, ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం వెర్నన్ జట్టు మా ఊరొచ్చింది. గోల్లో కోల్బీ ఒలెక్.

"ఇవాళ పెంపుడు కొడుకుని జల్లెడంటావా, నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చుంటావా?" సీట్లో కూర్చుంటూనే గిల్లింది డోరీన్. ఊళ్ళో సగం ఆడవాళ్ళ జుట్టు కత్తిరించేది ఆవిడే కాబట్టి అందరి గుట్టూ ఆవిడకి తెలుసు.

"నోరుముయ్యవే. నాకు గొంతు బాలేదు" అంది ఆర్డిస్.

ఆట మొదలయింది. కోల్బీ భుజాలు వెడల్పయ్యాయి. ఈల మోగినప్పుడల్లా ఎడమ స్తంభాన్నీ కుడి స్తంభాన్నీ కర్రతో ఒక్కోసారి తట్టి, గోలు మీదున్న నీళ్ళసీసా అందుకుని ఒక గుక్క తాగేవాడు. ఆ అలవాటు మారలేదు. రింకు చుట్టూ ఉన్న అద్దానికి అవతల పట్టుమని పది బారల దూరం కూడా లేడు, ఒక్కసారీ ఇటు తిరగలేదు.

కాసేపటికి మావాళ్ళు గోలు కొట్టారు. డప్పు మోగింది. కుర్రాళ్ళ వరసలన్నీ మెడలు తిప్పి ఆర్డిస్ వైపు చూశాయి. ఆవిడ కూర్చునే ఉంది. డప్పు ఆగి మళ్ళీ మోగింది. డోరీన్ మోచేత్తో పొడిచింది. ఆర్డిస్ లేచింది. లేచాక ఆ గొంతుని ఆపడం ఆవిడ వల్ల కూడా కాదు.

"కోల్బీ! కోల్బీ! కోల్బీ! ఎడమ పక్క కిందకి వదిలేస్తున్నావురా, జల్లెడా!"

రింకు హోరెత్తింది. "తప్పంతా నీదే!" అని వేల వేళ్ళు వాడి మీదకి లేచాయి. అప్పుడు తిరిగాడు కోల్బీ. హెల్మెట్ కమ్మీల వెనకాల పళ్ళు కనిపించాయి. కర్ర ఎత్తి సరిగ్గా మూడో వరస వైపు ఒకసారి ఊపాడు. ఆర్డిస్ కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. డోరీన్ ఆవిడ వీపు నిమిరింది. అంత సంతోషం ఆవిడకి రస్సెల్ పోయాక ఎప్పుడూ లేదు.

మొదటి భాగం ముగిసే ముందు మావాడొకడు వేగం ఆపుకోలేక పోయిపోయి గోల్లో పడ్డాడు. పడడం పడడం కోల్బీని వెల్లకిలా తోసేశాడు. వాడి తల వెనకభాగం ఇనప స్తంభానికి కొట్టుకుంది. డప్పుల గోలలో ఆ చప్పుడు ఎవరికీ వినిపించి ఉండదు. కోల్బీ లేచాడు. వెర్నన్ జట్టు దెబ్బలు చూసే కుర్రాడు బెంచి దూకి పరుగెత్తుకొస్తే చెయ్యి ఊపి వెనక్కి పంపేశాడు. జనం మంచి ఆటగాడికి కొట్టినట్టే నాలుగు చప్పట్లు కొట్టారు.

ఎడమ స్తంభం తట్టాడు, కుడి స్తంభం తట్టాడు. నీళ్ళసీసా కోసం చెయ్యి చాపాడు. చెయ్యి సీసా పక్కన ఆగి మూసుకుంది. మళ్ళీ చాపాడు. ఈసారి సీసాకి తగిలింది గానీ పట్టు దొరకలేదు. సీసా ఐసు మీద పడి దొర్లింది.

"కీపర్ని మార్చండి!" లేచి అరిచింది ఆర్డిస్. "వాణ్ణి బయటికి తీయండి! కీపర్ని మార్చండి!"

చుట్టూ పకపకా నవ్వారు. ఇదేదో కొత్త తిట్టు, బావుందనుకున్నారు. డప్పు కుర్రాడు తాళం అందుకున్నాడు. వరస తర్వాత వరస లేచి, కాళ్ళు నేలకేసి కొడుతూ, "కీపర్ని మార్చండి! కీపర్ని మార్చండి!" అని ఎత్తుకున్నారు. ఆర్డిస్ చేతులు అడ్డంగా ఊపింది. "నవ్వులాట కాదర్రా! తలకి తగిలింది! ఆపండర్రా!" అంది. ఆ ఊపుడుకి వాళ్ళింకా రెచ్చిపోయారు. వెర్నన్ కోచ్ ఆ గోల వైపు చూసి, వెక్కిరింపుగా నెత్తిమీది టోపీ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఇలాంటివి ఎన్ని చూడలేదు అతను!

విరామంలో ఆర్డిస్ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి మెట్లు దిగి, జట్టు గదుల వైపు నడిచింది. నడవాలో కాపలా ఉండే వాల్ట్ అడ్డం నిలబడ్డాడు. వాడి పిల్లలిద్దరినీ బడికి చేర్చింది ఆవిడ బస్సే.

"ఆర్డిస్, ఇవాళ మరీ హద్దు దాటుతున్నావు. ఇక్కడిదాకా వచ్చి తిడతావా?"

"తిట్టడానికి కాదురా. లోపల దెబ్బలు చూసేవాణ్ణి పిలువు. పిలవకపోతే ఇక్కడే పడుకుంటాను."

చేసినా చేస్తుందని వాల్ట్ లోపలికి కబురు పెట్టాడు. ఆ కుర్రాడు తలుపు సందులోంచి బయటికొచ్చాడు. మర్యాదస్తుడే. ఆర్డిస్ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పాలగ్లాసు సంగతి, డాక్టరు మాట, ఇప్పుడు సీసా సంగతి. అతను అంతా విని లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు.

"అడిగానండీ. ఇది ఏ ఊరు, ఏ నెల, స్కోరు ఎంత, అన్నీ సరిగ్గానే చెప్పాడు. చేతి తొడుగు తడిసి జారిందట."

"నేను చెప్పానని చెప్పావా?"

"చెప్పానండీ." అతను కొంచెం సిగ్గుపడ్డాడు. "'ఆవిడ అందరి మీదా అలాగే అరుస్తుంది, అది ఆవిడ వేడుక, పట్టించుకోకండి' అన్నాడు."

తలుపు మూసుకుంది. ఆర్డిస్ నడవాలోనే నిలబడి లెస్యాకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. తల్లి చెబితే వాడు వింటాడు, తల్లి చెబితే కోచ్ కూడా వినక తప్పదు. ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేసింది.

రెండో భాగంలో కోల్బీ అవతలి కొసకి వెళ్ళాడు. అక్కడ వాడు ఆడిన ఆట చూసి మావాళ్ళే నోళ్ళు వెళ్ళబెట్టారు. పక్కు అనే ఆ రబ్బరు బిళ్ళ ఎటునుంచి వచ్చినా ఆపేశాడు, కాలితో, ఛాతీతో, బోర్లాపడి. "దెబ్బ తగిలిందని నువ్వంటున్నవాడే ఇలా ఆడితే, మనవాళ్ళకీ తలా ఒకటి తగిలిద్దాం" అంది డోరీన్. నిజంగానే తొడుగు జారిందేమో, ఈ వయసులో నా కళ్ళు నమ్మడానికి లేదేమో అనుకుంది ఆర్డిస్. అలా అనుకోవాలని ఎంత ఆశపడిందో! అయినా మధ్యలో లేచి, ఆ చివరిదాకా నడిచి, వెర్నన్ బెంచి వెనకాల అద్దం మీద పిడికిలితో బాదింది. కోచ్ తల తిప్పలేదు. జనం ఈలలేశారు. వాల్ట్ వచ్చి భుజం పట్టుకుని తిరిగి సీటు దాకా దిగబెట్టాడు, "నా ఉద్యోగం తీయించకమ్మా" అని బతిమాలుతూ.

మూడో భాగానికి కోల్బీ మళ్ళీ ఈ కొసకి వచ్చాడు. ఆర్డిస్ సీటు వదిలి అద్దానికి ఆనుకుని నిలబడింది. ఈల మోగి ఆట ఆగినప్పుడు వాడు గోలు వెనక్కి వచ్చాడు. ఇద్దరి మధ్యా అద్దం ఒక్కటే. వాడి కళ్ళు ఎర్రగా, దీపాల వెలుతురుకి తట్టుకోలేనట్టు చికిలించి ఉన్నాయి.

"బయటికి రా నాన్నా" అంది ఆర్డిస్. ఈసారి అరవలేదు. "నీకు తెలుసు. నాకు తెలుసు. వచ్చెయ్."

పెదాల కదలిక వాడు చదవగలడు. చదివాడు కూడా. ఒక్క క్షణం ఆగి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపబోయి, ఊపితే నొప్పెట్టిందో ఏమో, మధ్యలో ఆపేశాడు. కర్రతో అద్దం మీద మెల్లిగా ఒకసారి తట్టి గోల్లోకి వెళ్ళిపోయాడు. వాడి జట్టు నెగ్గుతోంది. ఒకసారి దెబ్బ సంగతి బయటపడినందుకు ఏం పోగొట్టుకున్నాడో వాడికి గుర్తుంది.

ఆ దెబ్బ పెద్దదేం కాదు. దూరం నుంచి మావాడొకడు ఊరికే ముందుకి తోద్దామని కొట్టిన పక్కు. ఎవరి కర్రకో తగిలి లేచి కోల్బీ హెల్మెట్ నుదుటికి తగిలింది. తగిలి, వాడి భుజం మీద పడి, వెనక్కి జారి గోల్లోకి పోయింది. రోజూ సాధనలో అలాంటివి ఎన్నో తగులుతాయి. కోల్బీ మోకాళ్ళ మీదకి దిగాడు. ఎవరో కూర్చోబెడుతున్నంత నెమ్మదిగా. తర్వాత ముందుకి ఒరిగాడు.

గోలు పడింది కాబట్టి ఎర్రదీపం వెలిగింది, బూర మోగింది. ఆర్డిస్ నోరు తెరవలేదు. అయితేనేం, ఆ రోజు జనానికి ఆవిడ అక్కర్లేకపోయింది. రింకు రింకంతా లేచి నిలబడి, ఐసు మీద బోర్లాపడున్న కుర్రాడి మీదకి వేళ్ళు చూపించి, "కోల్బీ! కోల్బీ! కోల్బీ!" అని పాడింది. "జల్లెడా! జల్లెడా! తప్పంతా నీదే!"

పై వరసలవాళ్ళకి వాడు పడిపోయాడని తెలియదు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే ఆపారు. అలా ఆగడానికి పట్టినంతసేపూ ఆర్డిస్ అద్దం మీద రెండు చేతులూ ఆనించి నిలబడే ఉంది. డప్పు కుర్రాడు అందరికన్నా చివర్న ఆపాడు.

ఆస్పత్రిలో కోచ్ టోపీ ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. దెబ్బలు చూసే కుర్రాడు ఏడుస్తున్నాడు. డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంతకుముందు తలకి ఏమన్నా తగిలిందా?" అని అడిగింది. ఆర్డిస్ చెప్పింది. డాక్టరమ్మ అన్నీ విని, లోపల వాపు ఆగడం లేదని, యంత్రం కొడుతున్న ఊపిరే తప్ప సొంతంగా ఊపిరి లేదని, చేయగలిగింది ఇంక లేదని చెప్పింది.

"తల్లిదండ్రులతో మాట్లాడాలి. మీరు అతనికి ఏమవుతారు?"

"ఏమీ కాను" అంది ఆర్డిస్.

"కాలేజీవాళ్ళు ఇందాకట్నుంచీ ప్రయత్నిస్తున్నారు, ఫోను ఎవరూ ఎత్తడం లేదు" అన్నాడు కోచ్, నేలవైపు చూస్తూ.

డాక్టరమ్మ లోపలికి వెళ్ళింది. ఆర్డిస్ కోటు జేబులో ఫోను మోగింది. లెస్యా.

"ఏవమ్మా, ఎన్నిసార్లు చేశావు! గొడ్లకి మేత వేయడానికి పోతూ ఫోను ఇంట్లో వదిలేశాను. ఇప్పుడే లోపలికొచ్చాం, వేళ్ళు కొంకర్లు పోయాయనుకో. కాలేజీవాళ్ళెవరో కూడా చేసినట్టున్నారు, వాళ్ళకి తర్వాత చేస్తాలే, ముందు నీకు చేద్దామని. మావాడు గెలిచాడా?"

ఆర్డిస్ డాక్టరమ్మ వెళ్ళిన తలుపు వైపే చూస్తోంది.

"తిట్టావా వాణ్ణి? బాగా తిట్టి ఉంటావు. నీ దగ్గరికొస్తున్నానని పొద్దున ఫోనులో ఎంత మురిసిపోయాడనుకున్నావు! 'ఆట అయ్యాక పెద్దమ్మ దగ్గరికెళ్ళి క్షమించమని అడుగుతానమ్మా, పేస్టీలు పెడుతుందో చీపురు తిరగేస్తుందో' అన్నాడు. ప్రతి ఆటకీ నాకు గుండెల్లో గుబులే, ఆర్డిస్. ఈ ఒక్క ఆటకి మాత్రం లేదు. బోడాన్‌తో కూడా అన్నాను. అక్కడ ఆర్డిస్ ఉంటుంది, వాడికి ఏ మాత్రం తేడా చేసినా ఆవిడ కనిపెట్టేస్తుంది, ఇవాళ మనం నిశ్చింతగా గొడ్ల పని చూసుకోవచ్చు అని. ఏం, పలకవేం?"

"లెస్యా" అంది ఆర్డిస్. "బోడాన్ ఎక్కడున్నాడు?"

"గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నాడు. ఎందుకూ?"

"ఆయన్ని లోపలికి పిలువు. పిలిచి, ఇద్దరూ ఒకచోట కూర్చోండి."